అండాశయ క్యాన్సర్: ఏ రకమో అడిగి తెలుసుకోండి

కొన్ని వారాలుగా పొట్ట ఉబ్బరంగా ఉంటోందా? నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోందా? పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, ఒళ్లు తగ్గుతున్నా నడుం దగ్గర బట్టలు బిగుతవడం కనిపిస్తున్నాయా? ఇవి ఇదివరకు లేకుండా కొత్తగా మొదలై, రోజు విడిచి రోజైనా బాధపెడుతుంటే, నలభై దాటిన ఏ స్త్రీ అయినా గ్యాస్ మాత్రలతో నెట్టుకురావడం ఇక ఆపాలి. ముట్లుడిగినవారైతే మరీను. వెంటనే స్త్రీవైద్య నిపుణుల దగ్గరకు వెళ్లి పొత్తికడుపు స్కానింగ్ చేయించుకోవాలి. ఇది మొదటి హెచ్చరిక. ఇంతకుముందు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

రెండో హెచ్చరిక అంతగా వినపడనిది. స్కాన్‌లో గడ్డ కనిపించి, బయాప్సీయో ఆపరేషనో అయి, డాక్టరు ‘అండాశయ క్యాన్సర్’ అని చెబితే ఆ రెండు మాటలతో ఇంటికి రావద్దు. ఏ రకం అని అడగండి. పెథాలజీ రిపోర్టులో ఆ రకం పేరు రాసి ఉందో లేదో చూడండి. రాసి లేకపోతే, లేదా ‘ఇదో అదో కావచ్చు’ అని వదిలేస్తే, తీసిన ముక్కను భద్రపరిచిన గాజు పలకలనూ (స్లైడ్లు) మైనపు దిమ్మలనూ (బ్లాకులు) ల్యాబు నుంచి తీసుకుని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూపించండి. ఈరోజు ఇంత పొడుగున రాయడానికి కారణం ఈ రెండో హెచ్చరికే.

ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో 47 వేలమందికి పైగా స్త్రీలకు అండాశయ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. అదే ఏడాది దాదాపు 33 వేలమంది దానితో చనిపోయారు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత మన ఆడవాళ్లలో మూడో స్థానం దీనిదే. కాని స్థానం కంటే భయపెట్టేది నిష్పత్తి. రొమ్ము క్యాన్సర్‌లో రెండు కొత్త కేసులకు ఒక మరణం ఉంటే, ఇక్కడ మూడింటికి రెండు. ఈ తేడాలో ఎక్కువ భాగం జబ్బు స్వభావానిదే. మిగిలినది మన ఆలస్యానిది, అర్ధాంతరపు ఆపరేషన్లది, అన్నిటినీ ఒకే గాటన కట్టే అలవాటుది.

అండాశయ క్యాన్సర్ ఒక జబ్బు కాదు. ఒకే చోట కనిపించే కనీసం అరడజను జబ్బులకు ఉమ్మడి పేరు. పుట్టుక వేరు, వచ్చే వయసు వేరు, పెరిగే వేగం వేరు, మందుకు లొంగే తీరు వేరు. జ్వరం అన్న ఒక్క మాట పట్టుకుని మలేరియాకూ టైఫాయిడ్‌కూ ఒకే మాత్ర రాసేస్తే ఎలా ఉంటుందో, అందరికీ ‘ఆరు కీమోలు’ అని ఒకే లెక్క చెప్పడం అలాగే ఉంటుంది. రోగి ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరు ‘మా వదినకు కూడా ఇదే, కీమోతో తగ్గిపోయింది’ అంటారు. ఇంకొకరు ‘మా వీధిలో ఆవిడ ఏడాది తిరక్కుండానే పోయింది’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఆ వదిన జబ్బూ, ఆ వీధిలో ఆవిడ జబ్బూ, మీ అమ్మ జబ్బూ మూడూ వేర్వేరు అయివుండొచ్చు. నటి మనీషా కొయిరాలాకు 2012లో ఈ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడింది. న్యూయార్క్‌లో ఆపరేషన్, కీమో చేయించుకుని కోలుకున్నారు, మళ్లీ తెరమీదకు వచ్చారు. ఆ కథ ధైర్యం ఇవ్వాల్సిందే. కాని ఆమెతోనో, పక్కింటావిడతోనో పోల్చి మన రోగి ఆయుష్షు లెక్కగట్టడం తప్పు.

నూటికి తొంభై వరకు అండాశయ క్యాన్సర్లు ఎపిథీలియల్ (పైపొర కణాల) తరగతివి. అందులో పదింట ఏడు ‘హై గ్రేడ్ సీరస్’ రకం. వైద్య విద్యార్థి చదువుకునేది, డాక్టరు మనసులో ముందుగా మెదిలేది ఇదే. దీని లక్షణాలను మిగతా రకాలన్నిటికీ అంటగట్టడం నుంచే చాలా పొరపాట్లు పుడుతున్నాయి. కాబట్టి ముందు దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి.

హై గ్రేడ్ సీరస్ ఎక్కువగా ఏభై, అరవై ఏళ్ల వయసులో వస్తుంది. విచిత్రమేమిటంటే, ఇది చాలామందిలో మొదలయ్యేది అండాశయంలో కాదు. పక్కనే ఉండే ఫాలోపియన్ ట్యూబు చివర, కుచ్చులాగా ఉండే భాగంలో. ఈ శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లో యుర్గెన్ పీక్, ఆ తర్వాత బోస్టన్‌లో క్రిస్టఫర్ క్రమ్ వంటి పరిశోధకులు, వంశపారంపర్య ముప్పు ఉందని ముందుజాగ్రత్తగా తీయించుకున్న ట్యూబులను సన్నటి ముక్కలుగా కోసి చూసినప్పుడు ఈ సంగతి బయటపడింది. అక్కడ పుట్టిన కణాలు పొట్టలోకి రాలి, పేగుల మీద కొవ్వు తెరకూ పొట్ట లోపొరకూ అంటుకుంటాయి. గడ్డ చేతికి తగిలే లోపే పొట్టలో నీరు చేరుతుంది. అందుకే చాలామంది మొదటిసారి డాక్టరు దగ్గరకు వచ్చేసరికే మూడు లేదా నాలుగో దశలో ఉంటారు. ఆర్నెల్ల క్రితం తీసిన స్కాన్ బాగానే ఉండొచ్చు కూడా. ‘మొన్ననే స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు’ అనే మాట ఈ జబ్బు విషయంలో భరోసా కాదు. కొత్త లక్షణం వస్తే కొత్త స్కాన్ కావాలి.

మరి లక్షణాలు రాకముందే ఏటా పరీక్ష చేయించుకుంటే సరిపోతుందా? సరిపోదు. బ్రిటన్‌లో 2 లక్షలమందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, ఏటా సీఏ-125 రక్తపరీక్షతో గాని స్కాన్‌తో గాని వెతికినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. అంటే ‘అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్’ అంటూ మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో సీఏ-125 కలిపి అమ్మేవాళ్లు మీకు అమ్ముతున్నది నిశ్చింత, అదీ ఉత్తుత్తిది. లక్షణాలున్న మనిషికి చేసే పరీక్ష వేరు, ఏమీ లేని మనిషికి ప్యాకేజీలో కట్టబెట్టే పరీక్ష వేరు.

సీఏ-125 గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఆ అంకె చుట్టూ చాలా నాటకం నడుస్తోంది. అది ముదిరిన హై గ్రేడ్ సీరస్‌లో బాగా పెరుగుతుంది. మొదటి దశ అండాశయ క్యాన్సర్లలో సగానికి సగంలో అది మామూలుగానే ఉంటుంది. మ్యూసినస్ అనే మరో రకంలో చాలాసార్లు పెరగదు. ఆడపిల్లల్లో వచ్చే జెర్మ్ సెల్ గడ్డలకైతే చూడాల్సిన రక్తపరీక్షలే వేరు. అటు వైపు, క్యాన్సర్ లేకపోయినా ముట్టు సమయంలో, గర్భంతో ఉన్నప్పుడు, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు), పొట్ట క్షయలో ఆ అంకె ఎగబాకుతుంది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. పొట్టలో నీరు, ఒళ్లు తగ్గడం, సీఏ-125 వందల్లో... ఇవన్నీ క్షయలోనూ ఉంటాయి, క్యాన్సర్‌లోనూ ఉంటాయి. క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగిస్తే క్యాన్సర్ ముదురుతుంది. క్యాన్సర్ అనుకుని పొట్ట తెరిస్తే లోపల క్షయ బొబ్బలు కనిపిస్తాయి. రెండు తప్పులూ మన ఆసుపత్రుల్లో జరుగుతున్నవే. బయాప్సీ లేకుండా ఏ వైపూ తీర్పు చెప్పనివ్వకండి.

హై గ్రేడ్ సీరస్ గురించి ఒక మంచిమాటా ఉంది. ఇది ప్లాటినం మందులకు (కార్బోప్లాటిన్ ఆ కోవలోదే) చాలావరకు లొంగుతుంది. ముదిరిన దశలో కూడా గడ్డలు కరుగుతాయి. చెడ్డమాట ఏమిటంటే, ముదిరిన దశలో మొదలైనవారిలో చాలామందికి రెండు మూడేళ్లలో తిరగబెడుతుంది. అమెరికా లెక్కల్లో, దూరంగా పాకిన దశలో దొరికిన ఎపిథీలియల్ క్యాన్సర్లలో ఐదేళ్లు దాటి బతుకుతున్నది నూటికి ముప్ఫై పైచిలుకు మంది. ఆ ముప్ఫైలో ఉండే అవకాశాన్ని పెంచేది, ఆపరేషన్‌లో కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకుండా తీసెయ్యడం. పొట్ట నిండా చెల్లాచెదురైన గడ్డలను గంటల తరబడి ఏరి తీసే పని అది. అందులో శిక్షణ పొందిన గైనిక్ ఆంకాలజిస్టు చెయ్యాల్సిన పని. పట్టణంలో నర్సింగ్‌హోమ్‌లో పొట్ట తెరిచి, లోపల చూసి బెదిరి, గర్భసంచీ ఒక అండాశయమూ తీసి మూసేసి, ‘ఇక పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని పంపడం రోగికి చేసే అన్యాయం. స్కాన్‌లో అనుమానం ఉందంటే కత్తి పెట్టకముందే పంపాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దూరమే, కాదనం. కాని సగం చేసి వదిలిన ఆపరేషన్‌ను సరిదిద్దడం అంతకంటే కష్టం.

తెలుగునాట ఆడవాళ్లకు విడిగా ఒక మాట చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 3 శాతం పైచిలుకు మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది 8 శాతానికి అటూ ఇటూ. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, ముట్టు ఎక్కువైనా ‘తీయించేసుకో, క్యాన్సర్ వస్తుంది’ అని భయపెట్టి పొట్ట కోసిన కథలు మన పల్లెల్లో కోకొల్లలు. ఇప్పుడు ఆ ఆడవాళ్లే పొట్ట ఉబ్బరంతో వచ్చినప్పుడు, ‘నాకు గర్భసంచి తీసేశారుగా, ఇక ఆడవాళ్ల క్యాన్సర్ ఎక్కడిది’ అంటున్నారు. ఆర్ఎంపీలూ అదే అనుకుంటున్నారు. గర్భసంచి తీసినంత మాత్రాన అండాశయాలు పోలేదు. చాలామందికి వాటిని ఉంచేస్తారు, ముట్లుడగని వయసులో ఉంచడమే మంచిది కూడా. అవి ఉన్నంతకాలం ముప్పు ఉంది. రెండూ తీసేసినా, పొట్ట లోపొరలో అచ్చం హై గ్రేడ్ సీరస్ లాంటి క్యాన్సరే అరుదుగా వస్తుంది. మీ ఆపరేషన్ కాగితం ఎక్కడో పెట్టె అడుగున ఉంటుంది, తీసి చూడండి. ఏం తీశారో, ఏం ఉంచారో తెలుసుకోండి.

కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ సంగతి ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు, తెలంగాణలో ఆరుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ట్యూబులు ముడివేయడం వల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుందన్నది నిజం. అయితే ఇక్కడా రకమే లెక్క. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ అనే రకాల్లో ఆ తగ్గుదల దాదాపు సగం. అన్నిటికంటే ఎక్కువగా ప్రాణాలు తీసే సీరస్ రకంలో ఐదో వంతు మాత్రమే. ముడివేసినా ట్యూబు చివరి కుచ్చు అక్కడే ఉంటుంది కదా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2010 నుంచి, వేరే కారణంతో పొట్ట తెరిచినప్పుడు అండాశయాలను ఉంచి ట్యూబులను మాత్రం పూర్తిగా తీసే పద్ధతి మొదలుపెట్టారు. అలా తీయించుకున్న పాతిక వేలమంది పైచిలుకు స్త్రీలలో ఒక్క సీరస్ క్యాన్సరూ కనిపించలేదని 2022లో ప్రచురించారు. ఇంకా చాలా ఏళ్లు గమనించాల్సి ఉంది. అయినా, నిజంగా అవసరమై గర్భసంచి ఆపరేషన్‌కు వెళుతున్నవారు ‘ట్యూబులు కూడా తీస్తున్నారా?’ అని అడగడంలో తప్పులేదు, అడగాలి. అంతేగాని ఈ మాట విని అండాశయాలు తీసెయ్యమని ఎగబడకండి. వయసు రాకముందే అవి పోతే ఎముకలూ గుండే మూల్యం చెల్లిస్తాయి.

ఇక రెండో వైపు చూద్దాం. హై గ్రేడ్ సీరస్ చెల్లాచెదురై దొరికితే, క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్, మ్యూసినస్ రకాలు చాలాసార్లు ఒకే చోట పెద్ద నీటిగడ్డలాగా మొదటి దశలో దొరుకుతాయి. ఇది అదృష్టం. ఆ అదృష్టాన్ని చేజేతులా పాడుచేసేది తొందరపాటు ఆపరేషన్. ‘చిన్న నీటిగడ్డేనమ్మా, రంధ్రం పెట్టి తీసేస్తాం, రేపే ఇంటికి వెళ్లొచ్చు’ అంటారు. అనుమానం ఉన్న గడ్డకు సూది గుచ్చినా, లోపల పగిలినా, అందులోని కణాలు పొట్టలో చిమ్ముతాయి. అండాశయానికే పరిమితమైన క్యాన్సర్ ఆ క్షణంలోనే 1ఏ నుంచి 1సీ దశకు జారుతుంది. ఈ క్యాన్సర్ల దశలను నిర్ణయించే 2014 ఫైగో వర్గీకరణలో ఆపరేషన్ బల్లమీద పగిలిన గడ్డకు 1సీ1 అని విడిగా పేరు ఉంది. అవసరం లేకపోయి ఉండే కీమో అప్పుడు అవసరపడొచ్చు. పగలకుండా సంచిలో పెట్టి తీయగలరా, బల్లమీద ఉండగానే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్ష (ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చూసేది) చేయించగలరా అని ముందే అడగండి. తీసిన గడ్డను ట్రేలో పెట్టి బంధువులకు చూపించి, ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియని పరిస్థితి ఇప్పటికీ ఉంది. ప్రతి గడ్డా ఫార్మలిన్‌లో ల్యాబుకు వెళ్లాలి, దాని రిపోర్టు మీ చేతికి రావాలి. రిపోర్టు ఇవ్వని ఆపరేషన్‌కు డబ్బు కట్టకండి అనాలనిపిస్తుంది.

క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్ రెండూ ఎండోమెట్రియోసిస్‌తో ముడిపడినవి. ఏళ్లుగా ముట్టునొప్పితో బాధపడి, ‘చాక్లెట్ సిస్ట్’ ఉందని చెప్పించుకున్నవారిలో బహుకొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. మామూలుగా నూటికి ఒకరికి మించి ఉన్న జీవితకాలపు ముప్పు వీరిలో రెండుకు చేరదు. కాని నలభై ఐదు దాటాక ఆ పాత గడ్డ హఠాత్తుగా పెరిగినా, అందులో గట్టి కండలాంటి భాగం కనిపించినా ఇక వేచి చూడకూడదు. క్లియర్ సెల్‌కు ఇంకో మాయ ఉంది. పొట్టలో జబ్బు బయటపడకముందే కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టొచ్చు. కారణం లేకుండా ఒక కాలు వాచిన మధ్యవయసు స్త్రీకి పొత్తికడుపు కూడా చూడాలని ఎమర్జెన్సీ డాక్టర్లు గుర్తుంచుకోవాలి. మొదటి దశలో పూర్తిగా తీసేస్తే క్లియర్ సెల్ రోగులు బాగానే ఉంటారు. పాకితే మాత్రం కథ తిరగబడుతుంది. మామూలు కీమోకు అది సరిగా లొంగదు. అమెరికా రిజిస్ట్రీల వివరాలతో 2019లో వచ్చిన విశ్లేషణలో, దూరంగా పాకిన దశలో క్లియర్ సెల్, మ్యూసినస్ రోగుల మరణపు ముప్పు మొదటి రెండేళ్లలో హై గ్రేడ్ సీరస్ కంటే ఎక్కువని తేలింది. ‘ఏ దశ?’ అని అడిగి ‘ఏ రకం?’ అని అడగకపోతే సగం సమాధానమే వస్తుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మ్యూసినస్ అని రిపోర్టు వస్తే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇది అండాశయంలో పుట్టిందేనా? జీర్ణాశయం, పెద్దపేగు, అపెండిక్స్, క్లోమంలో పుట్టిన క్యాన్సర్లు అండాశయానికి పాకి అచ్చం మ్యూసినస్ లాగే కనిపిస్తాయి. రెండు వైపులా గడ్డలుంటే ఆ అనుమానం మరీ బలపడుతుంది. అసలు క్యాన్సర్ కడుపులో ఉండగా అండాశయాలు తీసి చేతులు దులుపుకుంటే రోగికి ఒరిగేది లేదు. అందుకే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించమంటారు. ‘ఆడవాళ్ల జబ్బుకు నోట్లోంచి గొట్టం ఎందుకు’ అని కుటుంబాలు విసుక్కోకూడదు. ఎండోమెట్రియాయిడ్ అయితే గర్భసంచి లోపొరలోనూ అదే సమయంలో క్యాన్సర్ ఉందేమో చూడాలి, కొందరిలో రెండూ కలిసే ఉంటాయి.

లో గ్రేడ్ సీరస్ పేరులో సీరస్ ఉన్నా హై గ్రేడ్‌తో దానికి చుట్టరికం లేదు. తక్కువ వయసులో వస్తుంది, మెల్లగా పెరుగుతుంది, కీమోకు పెద్దగా కరగదు. హార్మోన్ మందులు, కొన్ని కొత్త మాత్రలు పనికొస్తాయి. ఇందులో ఆపరేషనే ప్రాణాధారం. రిపోర్టులో ఉత్త ‘సీరస్ కార్సినోమా’ అని రాసి గ్రేడ్ వదిలేస్తే అది అసంపూర్తి రిపోర్టు.

ముట్లు ఆగిపోయిన కొన్నేళ్ల తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించాలన్న మాట అందరికీ తెలిసిందే. కాని గర్భసంచి లోపొరను చూసి ఆగిపోతే, అండాశయంలో ఈస్ట్రోజెన్ తయారుచేస్తున్న గ్రాన్యులోసా సెల్ గడ్డ తప్పిపోవచ్చు. ఏడెనిమిదేళ్ల పిల్లకు రొమ్ములు పెరగడం, రక్తం కనిపించడం కూడా ఒక్కోసారి దీని పనే. ఇది నెమ్మదైన జబ్బు, చాలామంది బాగుపడతారు. కాని పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కూడా తిరగబెడుతుంది. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఇక డాక్టరు అక్కర్లేదనుకోవడం ఈ రకంలో చెల్లదు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఉన్న పిల్లకు పొట్ట పెరుగుతుంటే మన ఇళ్లల్లో ముందు వచ్చేది ఏ అనుమానమో చెప్పనక్కర్లేదు. జెర్మ్ సెల్ గడ్డలు వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. కొన్ని వారాల్లోనే పెద్దవవుతాయి, మెలిపడి భరించలేని నొప్పి పుట్టిస్తాయి. వీటిలో కొన్ని, గర్భంలో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌నే తయారుచేస్తాయి. అంటే మందుల షాపులో కొన్న గర్భపరీక్ష పట్టీమీద రెండు గీతలు వస్తాయి. అప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. పిల్లను కొట్టి, పరువు పోతుందని దాచి, గుట్టుగా మాత్రలు మింగించి కాలం పోగొట్టుకుంటారు. తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నాం: ముందు స్కానింగ్ చేయించండి. గడ్డ ఉంటే ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు ఆపరేషన్‌కు ముందే కావాలి. ఎందుకంటే అండాశయ క్యాన్సర్లలో ఇంత బాగా నయమయ్యేది మరొకటి లేదు. సరైన కీమోతో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బాగుపడతారు, పాకిన దశలో కూడా చాలామంది. జబ్బున్న అండాశయం ఒక్కటే తీసి, రెండోదాన్నీ గర్భసంచినీ ఉంచినా నయమవుతుంది. ఆ పిల్లలు పెద్దయి బిడ్డల్ని కంటారు. ‘క్యాన్సర్’ అన్న మాట విని కంగారుపడి పదహారేళ్ల పిల్లకు రెండు అండాశయాలూ గర్భసంచీ తీసేస్తే, పెద్దవాళ్ల జబ్బుకు చేసే ఆపరేషన్ చిన్నపిల్లకు చేసినట్టు. అది ఇక సరిదిద్దలేని తప్పు.

వంశం మాట. హై గ్రేడ్ సీరస్ రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి బీఆర్‌సీఏ జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేకపోయినా ఉండొచ్చు, నాన్న వైపు నుంచి కూడా రావొచ్చు. మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న సంగతి డాక్టరుకు చెప్పకుండా ‘మా అమ్మ వైపు ఎవరికీ లేదు’ అంటే లాభం లేదు. ఈ లోపాన్ని పట్టే జన్యుపరీక్ష రోగికి ఎందుకంటే, లోపం ఉన్నవారికి కీమో తర్వాత ఒలాపరిబ్ వంటి పార్ప్ మాత్రలు ఎంతో మేలు చేస్తాయి. సోలో-1 అనే ఔషధ ప్రయోగంలో ఏడేళ్ల తర్వాత ఆ మాత్ర వాడినవారిలో 67 శాతం మంది బతికి ఉన్నారు, మొదట్లో డమ్మీ మాత్ర అందినవారిలో 46.5 శాతం. కుటుంబానికి ఎందుకంటే, బీఆర్‌సీఏ-1 లోపం ఉన్న స్త్రీకి జీవితకాలంలో నూటికి నలభై దాకా ముప్పు ఉంటుంది. పిల్లలు పుట్టాక, 35–40 ఏళ్ల మధ్య ట్యూబులూ అండాశయాలూ తీయించుకుంటే ఆ ముప్పు చాలావరకు పోతుంది. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని ఈ పరీక్షను దాటవేస్తున్న కుటుంబాలున్నాయి. చెల్లెలి పెళ్లి ఆగుతుందన్న భయంతో చెల్లెలి ప్రాణాన్నే పణంగా పెడుతున్నామని వాళ్లు గ్రహించాలి.

ప్రభుత్వాలకు కొత్త పథకం పెట్టమని మేం అడగడం లేదు. ఉన్న ఆరోగ్య పథకాల్లోనే రకాన్ని తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, బీఆర్‌సీఏ జన్యుపరీక్ష ఏ పేద రోగికీ సొంత ఖర్చు కాకుండా చూడాలి. రకం, గ్రేడ్, దశ మూడూ రాయని పెథాలజీ రిపోర్టుతో వచ్చిన బిల్లును ఆమోదించకూడదు. అనుమానపు గడ్డను జిల్లా ఆసుపత్రి నుంచి క్యాన్సర్ కేంద్రానికి పంపడానికి గడువు పెట్టాలి. పొట్ట ఉబ్బరం గురించి ఆశా కార్యకర్తలకూ ఏఎన్ఎంలకూ ఒక్క పూట శిక్షణ చాలు. ఆర్ఎంపీలకూ చెప్పాలి, నచ్చినా నచ్చకపోయినా పల్లెలో మొదటి గ్యాస్ మాత్ర ఇచ్చేది వాళ్లే.

ఇక చదువుతున్న మీకు. ఇంట్లో అమ్మనో అత్తనో వదిననో ఈరోజే అడగండి, తిండి ఎలా సాగుతోంది, పొట్ట ఎలా ఉంది అని. ఎవరైనా ఇప్పటికే చికిత్సలో ఉంటే ఆ ఫైలు తీసి పెథాలజీ రిపోర్టు ఆఖరి పేజీ చూడండి. రకం పేరు అక్కడ లేకపోతే, తర్వాతి కీమో తేదీకి ముందే డాక్టరును అడగండి.